ఇంటి ప్లాన్‌లోనే కారు చూపించాం కదా, గేటు ముందు ర్యాంపుకి మళ్ళీ వేరే అనుమతి ఎందుకు?

కొత్తింటివాడు
ఇంటి ప్లాన్ పెట్టినప్పుడు కారు ఎక్కడ నిలుపుతారో చూపించమన్నారు. చూపించాం. గేటు ఎక్కడ, ఎంత వెడల్పు అన్నీ అందులోనే ఉన్నాయి, దాని మీద వాళ్ళ ముద్రా ఉంది. తీరా ఇల్లు పూర్తయ్యాక చూస్తే గేటుకీ రోడ్డుకీ మధ్య ఫుట్‌పాత్, దాని అంచున అరడుగు ఎత్తు కర్బు రాయి. కారు లోపలికి రావాలంటే ఆ రాయి దించాలి. దానికి వేరే దరఖాస్తు.

రోడ్ల విభాగానికి వెళ్తే డ్రైనేజీ వాళ్ళ ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెమ్మన్నారు. డ్రైనేజీ వాళ్ళేమో సైటు స్కెచ్ మీద టౌన్ ప్లానింగ్ సంతకం ఉండాలన్నారు. టౌన్ ప్లానింగ్‌లో "ఇది రోడ్డు పని, మాకు సంబంధం లేదు" అన్నారు. చెప్పులరిగేలా తిరిగాక ఒక కొర్రీ వేశారు, గేటు వెడల్పు అడుగుల్లో రాశారు, మీటర్లలో రాయండి అని.

అనుమతి అక్కర్లేదని నేననడం లేదు. రోడ్డు నాది కాదు, ఫుట్‌పాత్ నాది కాదు, అడిగే చెయ్యాలి. కానీ ఒక్క పనికి ఇన్ని బల్లలు తిరగాలా? మీ దగ్గర ఎలా ఉంది? ఎవరైనా దీన్ని తేలిక చేయించగలిగారా?

గడియతలుపు
మాదీ ఇదే. మాకు కొర్రీ దాకా కూడా రాలేదు, "ఫైలు కనపడటం లేదు, ఇంకో కాపీ ఇవ్వండి" దగ్గరే ఆగిపోయింది. దరఖాస్తు అందిందని ఆఫీసు రిజిస్టరులో వేసే ఇన్‌వర్డ్ నంబరు వేయించుకున్నారా? వేయించుకోకపోతే ముందు ఆ పని చూడండి. అది లేకుండా ఇచ్చిన కాగితం ఇచ్చినట్టే లెక్క కాదు.

సైటుమేస్త్రి
పని చేసేవాణ్ణి కాబట్టి చెప్తున్నా. అనుమతి కోసం చూసీ చూసీ విసిగిపోయి చాలామంది ఆదివారం పూట గుట్టుగా ర్యాంపు పోయించేస్తారు. తొందర ఎక్కువ కదా, మురుగు కాలువ మీద ఈ చివర నుంచి ఆ చివరకి ఒకటే స్లాబు. తర్వాత పూడిక తీసేవాళ్ళు వస్తే ఆ స్లాబు కింద చెయ్యి పెట్టడానికి కూడా సందు ఉండదు. రెండు పక్కల నుంచీ వెదురు బద్దలు గుచ్చి అందినంత లాగుతారు. మధ్యలోది అలాగే గట్టిపడిపోతుంది. ఒక బద్ద లోపల విరిగిందంటే దానికి గుడ్డలు, కవర్లు చుట్టుకుని ఇంకో అడ్డం. పెద్ద వాన పడినప్పుడు నీళ్ళు ఎగదన్నేది సరిగ్గా అక్కడే.

ఆఫీసులో కష్టం పెంచితే జనం ర్యాంపు మానుకోరు, అడగడం మానేస్తారు.

అద్దెఇల్లు
నేను అవతలి వైపు నుంచి మాట్లాడతా. మా వీధిలో ప్రతి ఇంటివాళ్ళూ గేటు వెడల్పు చేసి కర్బు దించుకుంటున్నారు. ఒక గేటు తెరుచుకుందంటే వీధిలో ఒక బండి పెట్టుకునే చోటు పోయినట్టే. అది అందరిదీ, ఇప్పుడు ఆ ఇంటివాళ్ళ సొంతం అయిపోయింది. చాలామంది కారు లోపల పెట్టరు కూడా, గేటు ముందే పెడతారు, ఇంకెవర్నీ పెట్టనివ్వరు. అలాంటప్పుడు అనుమతి ఇంకా తేలిక చేస్తే మాలాంటివాళ్ళం బండి ఎక్కడ పెట్టుకోవాలి?

కొత్తింటివాడు
@అద్దెఇల్లు మీ మాట న్యాయమే. కానీ మా కారు లోపలికి పోలేకపోతే ఇప్పుడు అది కూడా వీధిలోనే ఉంటోంది కదండీ. ఉన్నచోటే ఉంది, లోపల కట్టిన షెడ్డు ఖాళీగా ఉంది.

రిటైర్డ్_ఏఈ
ఏఈగా, అంటే అసిస్టెంట్ ఇంజనీరుగా చేసి రిటైరయ్యా. అందరూ ఆఫీసుని తిడతారని తెలుసు, అయినా రాస్తున్నా. ఈ అనుమతి ఎందుకు పెట్టారో తెలియకపోతే దాన్ని తేలిక చెయ్యడం కుదరదు.

మొదటిది బరువు. ఫుట్‌పాత్ మనుషులు నడవడానికి పరిచింది. దాని కింద ఇసుక, పలచటి కాంక్రీటు, పైన పలకలు. కారు చక్రం రోజూ ఒకే గీత మీద ఎక్కి దిగుతుంటే ముందు పలకలు పగులుతాయి, తర్వాత కింద ఉన్నవి. ఇళ్ళకి వెళ్ళే మంచినీళ్ళ పైపులు, కేబుళ్ళు అక్కడే పోతాయి, చాలా చోట్ల పెద్ద లోతులో కూడా ఉండవు. కర్బు 150 మిల్లీమీటర్లు దించారంటే ఆ పైపు మీదున్న మట్టి కప్పు కూడా అంత తగ్గుతుంది. అంటే బరువు పెరిగే చోటే కప్పు పలచబడుతుంది.

రెండోది నీళ్ళు. రోడ్డు మీద పడ్డ వాన కర్బు రాయిని ఆనుకుని పారుతుంది. ఆ రాయే గట్టు. గట్టు తీసేసిన చోట నీళ్ళు మీ గేటు లోపలికి వస్తాయి. అందుకే దించినా పూర్తిగా రోడ్డు మట్టానికి దించరు, 25 మిల్లీమీటర్ల అంచు వదులుతారు. కారుకి తెలియను కూడా తెలియదు, నీళ్ళు మాత్రం ఆగుతాయి.

మూడోది చూపు. కారు వెనక్కి తీస్తుంటే ఫుట్‌పాత్ మీద వచ్చే పిల్లవాడు డ్రైవరుకి కనపడాలి. గేటు పక్కన ప్రహరీ నిలువెత్తు ఉంటే కారు తోక బయటికి వచ్చేదాకా ఏమీ కనపడదు. మలుపు దగ్గర ఇల్లయితే ఇంకా ప్రమాదం.

ఈ మూడూ చూడాలి. వీటికి మూడు ఆఫీసులు కావాలా అంటే, అక్కర్లేదు. ఒక ఇంజనీరు ఒక పూట వచ్చి చూస్తే తేలిపోతాయి.

కొత్తింటివాడు
ఏఈ గారూ, ఇంత విడమరిచి మాకెవరూ చెప్పలేదు. 25 మిల్లీమీటర్ల సంగతి ఇప్పుడే విన్నా. మరి ఒక ఇంజనీరు చూస్తే చాలు అంటున్నారు కదా, ఎన్‌ఓసీల గోల ఎందుకు మొదలైనట్టు?

రిటైర్డ్_ఏఈ
పైపు ఒకరిది, కేబులు ఇంకొకరిది, స్తంభం మరొకరిది. ఎవరి డ్రాయింగు వాళ్ళ దగ్గర. ఆ డ్రాయింగులో పైపు రోడ్డుకి అవతల ఉంటుంది, తవ్వితే ఇవతల తగులుతుంది. రేపు ఏదైనా పగిలితే నింద తన మీదికి రాకూడదని ప్రతివాడూ ఇంకొకడి సంతకం అడుగుతాడు. ఆ సంతకం పెట్టేవాడు కూడా చోటు చూసి పెట్టడు.

మంచుదారి
సరిగ్గా ఈ ముడి అమెరికాలో విప్పారు. ఇక్కడ తవ్వే ముందు 811కి ఫోన్ చేస్తాం, 2007 నుంచి దేశమంతా అదే నంబరు. మనం ఒక్కచోట చెప్తే చాలు, ఆ చుట్టుపక్కల లైన్లున్న సంస్థలన్నిటికీ కబురు వెళ్తుంది. వాళ్ళే మనుషుల్ని పంపి నేల మీద రంగులు వేసి వెళ్తారు. కరెంటుకి ఎరుపు, గ్యాస్‌కి పసుపు, మంచినీళ్ళకి నీలం, మురుగుకి ఆకుపచ్చ. ఎక్కడ పలుగు వెయ్యకూడదో మేస్త్రికి కళ్ళకి కనపడుతుంది.

ఎన్‌ఓసీ కాగితం ఎన్ని సంతకాలున్నా నేల కింద ఏముందో చెప్పదు. ఆ రంగు గీత చెప్తుంది. ఇంటాయన ఆఫీసులు తిరిగే పనే లేదు.

ఫైలుపురుగు
ఇండియాలో కూడా 2023 మార్చిలో ఇదే పనికి 'కాల్ బిఫోర్ యు డిగ్' అని యాప్ తెచ్చారు, టెలికాం శాఖది. తవ్వేవాళ్ళకీ, కింద లైన్లున్నవాళ్ళకీ మధ్య కబురు చేరవేయడానికి. ఇంటి ముందు ర్యాంపు దరఖాస్తుని దానికి ముడిపెడితే ఎన్‌ఓసీలు సగం తగ్గిపోతాయి.

ఇంకో మాట. ఇళ్ళ అనుమతుల కోసం తెలంగాణ బీపాస్ చట్టం 2020లో వచ్చింది. 500 చదరపు మీటర్ల లోపు స్థలం, 10 మీటర్ల లోపు ఎత్తు అయితే సొంత ధ్రువీకరణ మీదే ఇంటికి ఆన్‌లైన్‌లో అప్పటికప్పుడు అనుమతి. అంతకన్నా పెద్దవాటికి 21 రోజుల గడువు. అబద్ధం రాసి కడితే నోటీసు లేకుండా కూల్చే అధికారం కూడా అందులోనే పెట్టారు. మొత్తం ఇంటికే యజమాని మాట నమ్మగలిగినప్పుడు గేటు ముందు కాస్త కాంక్రీటుకి నమ్మలేరా?

రిటైర్డ్_ఏఈ
@ఫైలుపురుగు నమ్మకూడదు, అదే నా వాదన. ఇల్లు ఆయన సొంత నేల మీద కడతాడు, తప్పు చేస్తే ముందు నష్టపోయేది ఆయనే. ర్యాంపు పోసేది అందరి నేల మీద. అక్కడ తప్పు చేస్తే మునిగేది పక్కింటివాళ్ళు, పడిపోయేది దారిన పోయే ముసలాయన.

ఫైలుపురుగు
ఒప్పుకుంటా. అయితే ఆ తనిఖీ ఎప్పుడు చేస్తున్నారు? ముందు కాగితాల మీద నెలల తరబడి చేస్తున్నారు, పని జరిగే రోజు ఎవరూ రారు.

రెండుచక్రాలు
నేను చక్రాల కుర్చీలో తిరుగుతాను. ఇప్పటిదాకా ఎవరూ నడిచేవాళ్ళ గురించి రెండు ముక్కలు మించి రాయలేదు కాబట్టి కొంచెం పెద్దగా రాస్తా.

మా వీధిలో ఫుట్‌పాత్ ఉంది. ప్రతి గేటు దగ్గరా దాన్ని అడ్డంగా కోసి రోడ్డు మట్టానికి దించేశారు. అంటే ఇంటింటికీ దిగాలి, మళ్ళీ ఎక్కాలి. దిగడం ఒక్కటే అయితే ఎలాగో పడతాను. ర్యాంపు గేటు నుంచి రోడ్డు వైపు వాలుగా ఉంటుంది కదా, దాని మీద అడ్డంగా వెళ్తుంటే కుర్చీ ముందు చక్రాలు రోడ్డు వైపుకి తిరిగిపోతాయి. ఒక చేత్తో చక్రం పట్టి ఆపుతూ రెండో చేత్తో తొయ్యాలి. చేతిలో ఏదైనా సంచి ఉంటే అదీ కుదరదు. చివరికి నేను రోడ్డు మీదే వెళ్తాను, బస్సుల పక్కన.

లెక్క చూడండి. కుర్చీకి పనికొచ్చే వాలు 1:12. ఒక అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవు అన్నమాట. కర్బు 150 మిల్లీమీటర్లయితే ర్యాంపు పొడవు 1.8 మీటర్లు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్ళ ఐఆర్‌సీ 103లో ఫుట్‌పాత్‌కి కనీసం ఉండాలన్న వెడల్పు కూడా 1.8 మీటర్లే. అంటే గేటు నుంచి కర్బు దాకా ర్యాంపు వేస్తే మొత్తం ఫుట్‌పాతే ర్యాంపు అయిపోతుంది, మనిషి నడవడానికి చదునైన చోటు అంగుళం మిగలదు.

పరిష్కారం కష్టం కాదు. కారు ఇంకా ఏటవాలుగా ఎక్కగలదు. వాలుని కర్బు అంచున చెట్లు, స్తంభాలు ఉండే పట్టీలోకి నెట్టెయ్యండి. నడిచే భాగం గేటు ముందు కూడా అదే ఎత్తులో చదునుగా సాగాలి. కారే ఫుట్‌పాత్ ఎక్కి దాటి లోపలికి వెళ్ళాలి. అనుమతి తేలిక చేయండి, కానీ ఈ ఒక్క షరతు వదిలేస్తే మాత్రం నేను ఒప్పుకోను.

మంచుదారి
@రెండుచక్రాలు అమెరికాలో వికలాంగుల హక్కుల చట్టం (ఏడీఏ) ప్రమాణాల్లో, నడిచే దారికి అడ్డంగా ఉండే ఈ వాలుకే పరిమితి ఉంది, 1:48 దాటకూడదు. గేటు ముందు నడిచే భాగానికి కూడా అదే వర్తిస్తుంది.

గడియతలుపు
ఆ పట్టీయే లేని సన్న వీధుల్లో? మా దగ్గర ఫుట్‌పాతే మూరెడు.

రెండుచక్రాలు
అక్కడ ఫుట్‌పాత్ మొత్తాన్నీ గేటుకి రెండు వైపులా పొడవునా మెల్లగా దించి మళ్ళీ మెల్లగా లేపాలి. అప్పుడు నేను ముందుకి దిగుతాను, పక్కకి జారను. లేదా ర్యాంపులో కొంత గేటు లోపల వేసుకోవాలి. మీ ఇంటి ఎత్తు మీరు పెంచుకుని దాని వాలు మాత్రం వీధిలో పోయడం న్యాయం కాదు.

సైటుమేస్త్రి
ఈ చివరి మాట బంగారం. మొన్న ఒకాయన ఇల్లు రోడ్డు కంటే మూడడుగులు లేపి కట్టాడు, ర్యాంపు సగం రోడ్డు దాకా వచ్చింది. కుదరదని చెప్పి వచ్చేశా, ఇంకెవరో పోశారు.

సముద్రానికవతల
బ్రిటన్ నుంచి. ఇక్కడ దీనికి చట్టంలో ప్రత్యేకంగా చోటుంది, 1980 హైవేస్ చట్టం, సెక్షన్ 184. కౌన్సిల్ రోడ్ల విభాగానికి ఒక్క దరఖాస్తు. వాళ్ళు వచ్చి కొలుస్తారు. సరే అంటే కౌన్సిల్ అయినా చేస్తుంది, వాళ్ళు ఆమోదించిన కాంట్రాక్టరయినా చేస్తాడు, ఖర్చు మనది. సొంతంగా రాయి పీకడానికి వీల్లేదు.

షరతులు ముందే వెబ్‌సైటులో ఉంటాయి కాబట్టి మనకి వస్తుందో రాదో చాలావరకు ఇంట్లో కూర్చునే తెలుస్తుంది. ఇంటి ముందు కారు పూర్తిగా పట్టాలి, దాదాపు 4.8 మీటర్ల లోతు అడుగుతారు చాలా కౌన్సిళ్ళు, తోక ఫుట్‌పాత్ మీదికి రాకూడదని. మలుపుకి 10 మీటర్ల లోపు అయితే చాలా చోట్ల ఇవ్వరు. పెద్ద రోడ్డు మీద ఇల్లయితే ప్లానింగ్ అనుమతి కూడా వేరేగా కావాలి, అక్కడ మాత్రం మీలాగే రెండు తలుపులు తట్టాలి.

ఇంగ్లండులో 2008 అక్టోబరు నుంచి ఇంకో నిబంధన. ఇంటి ముందు తోట తీసేసి 5 చదరపు మీటర్ల కంటే ఎక్కువ గచ్చు చేస్తే, ఆ గచ్చు నీళ్ళు ఇంకిపోయే రకమైనా అయి ఉండాలి, లేదా దాని మీది నీళ్ళు సొంత మట్టిలోకైనా మళ్ళాలి. లేకపోతే ప్లానింగ్ అనుమతి తప్పదు. నిబంధన పాటిస్తే మటుకు అసలు అడగక్కర్లేదు. మంచి పని చేసేవాడికి దారి దగ్గర, చెయ్యనివాడికి దూరం. నాకు నచ్చింది ఇదే.

చెట్టునీడ
ఈ 5 చదరపు మీటర్ల నిబంధన మనకి కూడా కావాలి. ర్యాంపు అనుమతి వచ్చిందనగానే ముందున్న మట్టి అంతా టైల్స్ అయిపోతోంది. వేప చెట్టు మొదలు చుట్టూ కూడా సిమెంటు పోస్తున్నారు, చెట్టు ఊపిరాడక ఎండుతుంది. గేటు ఏ వైపు పెట్టాలో నిర్ణయించేటప్పుడే చెట్టు ఎక్కడుందో చూసుకోండి. గేటు జరపొచ్చు, చెట్టుని జరపలేం.

బండిబాబు
ఇంత టెన్షన్ దేనికన్నా, రబ్బరు ర్యాంపు ముక్కలు దొరుకుతాయి, కర్బుకి ఆనించి పెట్టుకో, పని అయిపోతుంది.

సైటుమేస్త్రి
@బండిబాబు తమ్ముడూ, అది పెట్టేది సరిగ్గా నీళ్ళు పారే చోట. ఒక్క వానకి ఆకులూ చెత్తా దానికి అడ్డంపడి వెనక చెరువు కడుతుంది. రాత్రి టూవీలర్ వాడికి అది కనపడదు కూడా. కారు వెళ్ళగానే తీసి లోపల పెట్టుకునే ఓపిక ఉంటే సరే.

బండిబాబు
తీసి లోపల పెడతాలే అన్నా, కారుతో పాటు దానికీ షెడ్డులో చోటిస్తా 😄

అద్దెఇల్లు
నవ్వులు సరే, నా ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు. వీధిలో చోటు పోతుంది కదా, దరఖాస్తు వచ్చినప్పుడు పక్కవాళ్ళని అడగాలా వద్దా?

గడియతలుపు
అడిగితే ఇంక అయినట్టే. పాత పగలన్నీ ఆ కాగితం మీదే తీర్చుకుంటారు.

సముద్రానికవతల
@అద్దెఇల్లు పక్కవాళ్ళని అడగడం కంటే వెడల్పుకి హద్దు పెట్టడం మేలు. ఇంటికి ఒకే దారి, ఒక కారు పట్టేంత. ప్రహరీ మొత్తం గేటు చేసుకుని వీధి పొడవునా కర్బు దించుతామంటే మాత్రం మామూలు లెక్కలో ఇవ్వకూడదు.

అద్దెఇల్లు
అది రాస్తే నాకు అభ్యంతరం లేదు. దాంతో పాటు, లోపల కారు పట్టే చోటు నిజంగా ఉందని ఫొటో అడగాలి. షెడ్డుని దుకాణం చేసుకున్నవాళ్ళకి గేటు ముందు చోటెందుకు?

మంచుదారి
ఇందాక ఫైలుపురుగు గారు అడిగారు తనిఖీ ఎప్పుడని. ఇక్కడ చాలా ఊళ్ళలో ర్యాంపుకి ఒక అచ్చు డ్రాయింగు ఉంటుంది, ఊరంతటికీ అదే. కొలతలు, కాంక్రీటు మందం, వాలు అన్నీ అందులో ఉంటాయి. మన ఇల్లు అందులో ఇమిడితే కొత్తగా గీయించే పని లేదు. చెక్కలు బిగించాక, కాంక్రీటు పొయ్యకముందు ఇన్‌స్పెక్టర్ వచ్చి చూస్తాడు. ఆయన సరే అన్నాకే పోస్తారు.

రిటైర్డ్_ఏఈ
నేనూ అక్కడికే వస్తున్నా. కాంక్రీటు పోశాక లోపల ఏముందో దేవుడికే తెలియాలి. పొయ్యకముందు చూస్తే పైపు ఎంత లోతులో ఉందో, వాలు ఎటుందో, కాలువ మీద మూతలు విడిగా ఉన్నాయో లేదో అన్నీ పైకే ఉంటాయి. తప్పుంటే చెక్క జరిపితే చాలు, పగలగొట్టక్కర్లేదు. ఎన్‌ఓసీల మీద పోయే సిబ్బంది సమయం ఈ ఒక్క చూపు మీద పెడితే, సొంత ధ్రువీకరణ మీద నాకున్న భయం కూడా పోతుంది. మలుపు ఇళ్ళు, గ్యాస్ లైన్ ఉన్న చోట్లు, పెద్ద రోడ్లు మాత్రం పాత పద్ధతిలోనే ముందే చూడాలి.

ఫైలుపురుగు
గడువు సంగతి కూడా తేల్చండి. సేవల హామీ చట్టాలు చాలా రాష్ట్రాల్లో ఉన్నాయి, 2010లో మధ్యప్రదేశ్ మొదలుపెట్టింది. గడువు దాటితే బాధ్యుడైన అధికారికి జరిమానా. ర్యాంపుని ఆ జాబితాలో చేర్పించాలి. గడువులోగా జవాబు రాకపోతే అనుమతి వచ్చినట్టే అని కూడా రాయాలి.

రిటైర్డ్_ఏఈ
దరఖాస్తు దశకి అలా రాయండి. కాంక్రీటు ముందు తనిఖీకి రాయకండి. మనిషి రాలేదని పైపు మీద పోసెయ్యడం కుదరదు.

ఫైలుపురుగు
మరి తనిఖీకి మనిషి రాకుండానే తొక్కిపట్టి ఉంచితే? మళ్ళీ మొదటికే వస్తాం. చేతులు తడిపితేనే వస్తానంటే ఏం చెయ్యాలి?

రిటైర్డ్_ఏఈ
అప్పుడు లైసెన్సు ఉన్న బయటి ఇంజనీరు చూసి, పైపు పక్కన కొలత టేపు పెట్టి ఫొటోలు తీసి, సంతకం పెట్టి అప్‌లోడ్ చెయ్యాలి. అబద్ధమైతే లైసెన్సు పోవాలి. ఇంతకంటే వదులు చెయ్యను.

ఫైలుపురుగు
సరే, అది చాలు.

కొత్తింటివాడు
అందరి మాటలూ కలిపి వార్డు కార్యాలయానికి, కమిషనర్‌కి ఇవ్వడానికి వినతిపత్రం చిత్తు రాశా. చూసి చెప్పండి.

"ఇంటి ప్లాన్‌లో పార్కింగ్ చూపించినప్పుడే దానికి వీధిలోంచి దారి కూడా అదే దరఖాస్తులో అడిగే వీలు కల్పించాలి. ఇప్పటికే కట్టిన ఇళ్ళకి ఒకే ఫారం, ఒకే కౌంటరు ఉండాలి. కింద లైన్లున్న సంస్థలకి కార్యాలయమే కబురు పెట్టాలి, దరఖాస్తుదారుని తిప్పకూడదు. నడిచే భాగం చదునుగా సాగేలా, కర్బు దగ్గర 25 మిల్లీమీటర్ల అంచు ఉండేలా, ఇంటికి ఒకే దారి ఉండేలా ఒక అచ్చు డ్రాయింగు ప్రకటించాలి. దానికి లోబడిన దరఖాస్తులకి గడువు పెట్టాలి. కాంక్రీటు పొయ్యకముందు తనిఖీ జరగాలి, అధికారి రాకపోతే లైసెన్సు ఉన్న ఇంజనీరు ధ్రువీకరణ తీసుకోవాలి."

రెండుచక్రాలు
"నడిచే భాగం కనీసం 1.8 మీటర్లు, అంత వెడల్పు లేని వీధిలో ఉన్నంత మేరా" అని చేర్చండి. అంకె లేకపోతే ఎవరికి తోచినట్టు వాళ్ళు అర్థం చెప్పుకుంటారు. సంతకం నాది కూడా వేసుకోండి.

సైటుమేస్త్రి
కాలువ మీద స్లాబు ఒకే ముక్కగా పొయ్యకూడదు, పైకి లేపే మూతలు, వాటికి కొక్కేలు ఉండాలని రాయండి. ఒక్కో మూత ఇద్దరు మనుషులు లేపగలిగేంత బరువే ఉండాలి.

అద్దెఇల్లు
లోపల కారు పట్టే చోటు ఫొటో మర్చిపోయారు.

కొత్తింటివాడు
మూడూ చేర్చాను. అచ్చు డ్రాయింగు నమూనా ఒకటి జత చేస్తే బరువుగా ఉంటుందేమో. గీయగలిగేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

రిటైర్డ్_ఏఈ
నేను గీస్తా. గేటు వెడల్పు, గేటు నుంచి కర్బు దాకా దూరం, కర్బు ఎత్తు, కాలువ వెడల్పు, లోతు కొలిచి ఇక్కడ పెట్టండి. మీటర్లలోనే పెట్టండి, మళ్ళీ కొర్రీ రాకుండా.

కొత్తింటివాడు
రేపు పొద్దున్నే కొలిచి పెడతానండీ.

సైటుమేస్త్రి
కాలువ లోతు పూడిక పైనుంచి తియ్యకండి. కడ్డీ అడుగు గచ్చుకి తగిలేదాకా దింపి అప్పుడు కొలవండి.